ఎర్ర జెండా కింద నీళ్ళు

నోరు తెరవకుండా ఇంతసేపు కూర్చోవడం నాకు చేతనైన పని కాదు, మా తండాలో ఎవరినడిగినా చెబుతారు, మంగ్లి నిద్రలో కూడా మాట్లాడుతుందని. అలాంటి నేను సత్తుపల్లిలో ఈ దవాఖానా వరండాలో గోడకు ఆనుకుని పెదవులు అతికించుకుని కూర్చున్నాను, నా అద్దాల లంగాలోంచి కుంట నీళ్ళు కారి నేలమీద మడుగు కట్టాయి, ఆ మడుగు మెల్లగా పాక్కుంటూ జంపక్క కాళ్ళ దగ్గరికి పోతోంది, నేను మడమ అడ్డం పెట్టాను, నా నీళ్ళు ఆమెకు తగలకూడదని. తగలడానికి ఇంకేం మిగిలిందని. ఎదురుగా తలుపు వేసి ఉంది. ఆ తలుపు వెనక జంపక్క కూతురు జ్యోత్స్న ఉంది, తండ్రి లేని పిల్ల, పొద్దున మా పెళ్ళికాని పిల్లల తీజ్ పండుగ బుట్ట నెత్తిన పెట్టుకుని, బుట్టలో గోధుమ మొలకలు పచ్చగా ఊగుతుంటే, నా వెనకే నవ్వుకుంటూ నడిచిన పిల్ల. నా వెనకే. నేను ముందు నడిచాను కాబట్టే అది వెనక నడిచింది. ఇప్పుడు అది కళ్ళు తెరవకుండా లోపల పడుకుని ఉంది, ఊపిరి ఆడుతోంది గాని గొంతులో గరగరలాడుతోందట, డాక్టరు లోపలే ఉన్నాడు, మా తండా వాళ్ళు ట్రాక్టరు నిండా వచ్చి వరండా మెట్ల మీద, వేపచెట్టు కింద, సైకిళ్ళ పక్కన ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు, నా మనవడు కోటేష్ మాత్రం లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు, ఒంటిమీద చొక్కా లేదు, నావైపు వీపు తిప్పి రోడ్డు చూస్తున్నాడు. వాడెందుకు అటు తిరిగాడో నాకు తెలుసు. నేనెందుకు వాడివైపు చూడలేకపోతున్నానో వాడికీ తెలుసు.

పెదవులు మూసుకుంటే మాట ఎక్కడికి పోతుంది, కడుపులోకి దిగి అక్కడే తిరుగుతుంది. ఈ వరండా చివర నల్లా సరిగ్గా కట్టలేదు, చుక్క చుక్క పడుతోంది, పడినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తోంది, నీళ్ళకు భయపడే దాన్ని కాదు నేను, అసలు నీళ్ళంటే మాకు బిందె, అంతకంటే పెద్ద నీళ్ళు నా చిన్నతనంలో మేం చూసిందెక్కడ. వాగు ఎండితే ఇసుకలో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా చుట్టూ కూర్చుని, ముంతతో తోడుకునేవాళ్ళం, మా అమ్మ ఆ చెలమకు దండం పెట్టి గాని ముంత ముంచేది కాదు. వాన పడితే వాగు పొంగేది, పొంగిన వాగును గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం గాని దిగేవాళ్ళం కాదు. ఎవరు దిగుతారు, ఈ లంగా, దాని అద్దాలు, ఈ వెండి, మోచేయి దాటి పైదాకా ఈ గాజులు, ఇంత బరువు మోస్తున్న ఆడది నీళ్ళలో పడితే రాయి పడ్డట్టే. మా ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చేవాళ్ళట, సముద్రం ఒడ్డునుంచి ఈ అడవి ఊళ్ళదాకా, మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళు కూడా సముద్రంలో దిగలేదు, ఒడ్డున ఉప్పు నింపుకుని ఎద్దుల్ని మళ్ళించుకుని వచ్చారు, అంతే. సముద్రమంటే మాకు నాలుక మీద పెట్టుకునే చిటికెడు. ఆ సముద్రానికి నా మనవడు కాపలా కాస్తాడని నేను ఎంత ఊరేగానో, పెనుబల్లి సంతలో కూరగాయలమ్మే వాళ్ళకు కూడా చెప్పాను, కుసుమంచి గణపేశ్వరుడి గుడి మెట్ల మీద ముక్కూ మొహం తెలియని ఆవిడను పట్టుకుని చెప్పాను, మా వాడు సముద్రాన్ని కాస్తడమ్మా, సముద్రాన్ని.

అదేదో సైప్రస్ అట, చుట్టూ నీళ్ళున్న దేశం, మధ్యధరా సముద్రమని ఆ నీళ్ళ పేరు, నాకు ఇప్పటికీ నోరు తిరగదు. హోటల్ పనికని పోయాడు, మొదట ఎంగిలి పళ్ళేలు కడిగాడు, తర్వాత సముద్రపు ఒడ్డున గొడుగులు పాతాడు, సాగర్ కాలవలో బర్రె తోక పట్టుకుని ఈత నేర్చుకున్న వాడు కదా, ఒకరోజు మునిగిపోతున్న ఎవరో ముసలాయనను ఒడ్డుకు లాగాడు, అప్పటినుంచి వాడికి పని నేర్పించి, ఎర్ర నిక్కరు తొడిగి, మెడలో ఈల వేసి, ఎత్తు కుర్చీ మీద కూర్చోబెట్టారు. సెలవుకు వచ్చిన రోజునే సెల్‌ఫోనులో బొమ్మలు చూపించాడు, నీలం రంగు నీళ్ళు, ఇంత నీలం ఎక్కడినుంచి తెచ్చి కలిపార్రా అన్నాను, మా ఇంటి ముందు మంచాల మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు, పడవ వెనక తాడు కట్టుకుని పెద్ద గొడుగుతో గాల్లోకి లేచిన మనిషిని చూపించాడు, అరటిపండులా పొడుగ్గా ఉన్న రబ్బరు పడవ మీద వరసగా కూర్చున్న ఆడామగా పిల్లల్ని చూపించాడు, అది మలుపు తిరిగినప్పుడు అందరూ నీళ్ళలో పడతారట, పడి నవ్వుతారట.

"పడనీకే ఎక్కుతరా?"

"అవ్ దాదీ, పడనీకే ఎక్కుతరు. కాని జాకెట్ లేకుంటే ఒక్కన్ని గూడ ఎక్కనియ్యం."

ఆ జాకెట్ ఒకటి తెచ్చుకున్నాడు, నారింజ పండు రంగుది, లోపల బెండు ఉంటుంది, మనిషిని మునగనివ్వదట. నా మీద తొడగబోతే నా గాజుల దగ్గర ఇరుక్కుపోయింది, గాజులు తియ్యి దాదీ అన్నాడు, మీ తాత ఉన్నప్పుడే వేసిన గాజులు, ఇప్పుడు నీ బెండు కోసం తియ్యనా అన్నాను, మళ్ళీ నవ్వులు. వాడు నవ్వుతూనే చెబుతూ పోయాడు, తాగి దిగొద్దు, ఒంటరిగ దిగొద్దు, తాడు కట్టిన జాగ దాటొద్దు, నీళ్ళు లాక్కపోతుంటే ఎదురు ఈదొద్దు పక్కకు ఈదాలె, మునిగేటోని దగ్గరికి ఉత్త చేతులతోటి పోవద్దు, తేలేది ఏదన్న పట్టుకొనే పోవాలె. ఒక్కొక్కటి చెబుతుంటే వాడి మొహం ఎంత గంభీరంగా ఉందో, వాడికి మీసం వచ్చాక నేను సరిగ్గా చూసింది ఆ రోజే. ఆ తర్వాత జెండాల సంగతి ఎత్తాడు. "పొద్దుగాల లేవంగనే సముద్రాన్ని చూసి జెండా ఎత్తుతం దాదీ..." అంతే, జెండా అన్న మాట వినగానే నేను అందుకున్నాను. మా తండా గుడి ముందు రెండు జెండాలున్నాయి కదా, మా గురువు సేవాభాయాకు తెల్లది, మా అమ్మవారు మేరామ యాడికి ఎర్రది, ఆ ఎర్ర జెండా కర్రను అడవిలోంచి ఎలా తెచ్చామో, దారిలో వాన ఎలా పట్టుకుందో, కర్ర నేల తగలకూడదని మా మామ రాత్రంతా భుజం మార్చకుండా ఎలా నిలబడ్డాడో, ఆ కథ తండాలో వినని వాడు లేడు, అయినా చెప్పాను, నేను చెబితే వింటారు, అదే నా రోగం. కోటేష్ కూడా విన్నాడు, చిన్నప్పుడు విన్నట్టే గడ్డం కింద చేయి పెట్టుకుని విన్నాడు. వాళ్ళ సముద్రం దగ్గర ఏ జెండాకు ఏం అర్థమో వాడి నోట్లోనే ఉండిపోయింది.

నర్సు వచ్చింది, రాజ్యశ్రీ అని జేబు మీద పేరుందట, మెట్ల మీద కూర్చున్న పిల్లలెవరో చదివారు. నా మడుగు చూసి చీపురు తెచ్చే మనిషి కోసం అటూ ఇటూ చూసి, నా మొహం చూసి, ఏమీ అనకుండా తానే ఒక గోనెపట్టా తెచ్చి నీళ్ళ మీద పరిచింది. తిట్టినా బాగుండేది. ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు, మా తండా పెద్ద, నాయక్ లాల్‌సింగ్, ఉత్తప్పుడు నా మీద ఎగిరెగిరి పడే మనిషి, నా పక్కనుంచి పోతూ తలపాగా సర్దుకున్నాడు, అంతే. జంపక్క నా పక్కనే ఉంది. దూరంగా పోయి కూర్చోవచ్చు, వరండా అంతా ఖాళీనే, పోలేదు, అలవాటుగా నా పక్కనే కూర్చుంది, ఏ చావుకు పోయినా, ఏ పెళ్ళికి పోయినా నా పక్కనే కూర్చున్నట్టు. చాలాసేపటికి తలుపు మీదనుంచి కళ్ళు తీయకుండానే అంది:

"నిన్ను తిడదామనుకుంటున్న యాడీ. తిట్టు ఒక్కటి గూడ నోటికి వస్తలేదు. నాకు తిట్లు నేర్పింది గూడ నువ్వే."

మాలో యాడి అంటే అమ్మ. ఆమె నన్ను అమ్మా అని పిలిచి తిట్టు దొరకలేదని చెప్పింది. మొగుడు చచ్చిపోయిన ఏడాది జంపక్క మిరప చేలో కూలికి పోతూ పిల్లను నా దగ్గర వదిలేది, ఆ పిల్ల నా మంచం కింద ఆడుకునేది, నా పాటలన్నీ దానికి వచ్చు, గొంతు కూడా నాదే అంటారు. ఈసారి తీజ్‌కు ఈ పిల్లే ముందుండాలని పట్టుబట్టింది నేనే. పుట్టమన్ను తెచ్చి బుట్టల్లో పోసి గోధుమలు చల్లిన రోజునుంచీ దాని పక్కనే ఉన్నాను, ఆనవాయితీగా రేగు ముళ్ళకు నానబెట్టిన సెనగలు గుచ్చేటప్పుడు పోరగాళ్ళు కొమ్మ ఊపి ఏడిపిస్తుంటే దీనికి చేయి వణక్కుండా వెనకనుంచి పట్టుకుని గుచ్చించింది కూడా నేనే. నాయక్ ఇంటి పిల్లలుండగా తండ్రిలేని పిల్ల ముందేంటని ఎవరో గొణిగారు, నాకు పట్టుదల ఇంకా పెరిగింది. ప్రేమే అది. ప్రేమ కాదని ఎవరంటారు. ప్రేమతోనే దాన్ని తీసుకుపోయి గుంతలో దించాను.

నిన్న పొద్దుగూకే వేళ కోటేష్ వచ్చి, "దాదీ, ఎర్ర గుడ్డ ఏదన్న ఉందా, జెండా కట్టేటంత?" అని అడిగాడు. నా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఊరు కాని ఊళ్ళో, భాష కాని భాషలో ఉండి వచ్చి కూడా వీడు యాడిని మరిచిపోలేదు, తీజ్ మొలకలు నీళ్ళలో కలిపే చోట యాడికి జెండా ఎత్తాలనుకున్నాడు అని, పెట్టె అడుగునుంచి దసరాకని దాచిన కొత్త ఎర్ర గుడ్డ తీసి, కళ్ళకద్దుకుని వాడి చేతిలో పెట్టాను. వాడు కూడా ఒకసారి కళ్ళకద్దుకున్నాడు, నేను చూశాను, నేను అద్దుకున్నట్టే అద్దుకున్నాడు పాపం, అలవాటు. ఎందుకు అని నేను అడగలేదు. అన్నీ అడిగే దాన్ని, అందరి కడుపులోవి లాగే దాన్ని, ఆ ఒక్కటి అడగలేదు. వాడు మాత్రం ఆ క్షణాన గుడిముందు జెండా తలుచుకోలేదు, తండాలో పుట్టిన వాడే, అయినా తలుచుకోలేదు, ఇన్నేళ్ళు ఎర్ర గుడ్డ ఎత్తి మనుషుల్ని నీళ్ళలో దిగకుండా ఆపిన చేతులవి, వాటికి ఇంకో అర్థం పట్టుకుంది. వాడి ఎరుపు వేరు, నా ఎరుపు వేరు, మధ్యలో ఆ పిల్ల. తెల్లవారకముందే వెదురుబొంగు పట్టుకుపోయి కుంటంతా పొడిచి చూశాడట. రోడ్డు కోసం పోయిన ఎండాకాలం కుంటలో మట్టి తవ్వుకుపోయారు, తవ్విన చోట నిలువు లోతు గుంత పడింది, వానలకు కుంట నిండి గుంతా ఒడ్డూ ఒక్కటే అయిపోయాయి. ఆ గుంత అంచున బొంగు దిగేసి నేనిచ్చిన ఎర్ర గుడ్డ కట్టాడు. చదునుగా ఉన్న చోట, తుమ్మ పొదల పక్కన, ఇక్కడ దిగొచ్చని గుర్తుగా, ఇంట్లో ఆకుపచ్చ గుడ్డ దొరక్క తన ఆకుపచ్చ చొక్కా విప్పి పుల్లకు తగిలించాడు.

తండాలోనే చెప్పబోయాడు పాపం. బుట్టలు నెత్తిన పెట్టుకుని పిల్లలంతా బయల్దేరారు, డప్పుల వాళ్ళు డప్పులు కాస్తున్నారు, లాల్‌సింగ్ చేయెత్తి, "జర ఆగుండ్రి, ఈ పోరడు ఏందో చెప్తనంటున్నడు, ఇనుండ్రి" అన్నాడు. కోటేష్ చొక్కా లేకుండా, మెడలో ఈలతో, బండ మీదికెక్కి నిలబడ్డాడు. "కుంట కాడ రెండు జెండాలు పాతిన. మంచిగ ఇనుండ్రి. ఒకటేమో..."

"ఒరేయ్," అన్నాను నేను, ముందు వరసలోంచి, నడుం మీద చేయి పెట్టుకుని, "గోధుమ మొలకలు నీళ్ళల్ల కలపనీకి గూడ నీ తాన ట్రైనింగ్ తీస్కోవాల్నా? మీ నాయినను కన్నప్పుడు గూడ నువ్వే ఈల ఊదినవా?"

తండా తండా పగలబడి నవ్వింది. వాడూ నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి, అయినా నవ్వాడు, "దాదీ, ఒక్క నిమిషం" అన్నాడు, అప్పటికే నేను పాట ఎత్తుకున్నాను. నేను ఎత్తుకుంటే ఆడవాళ్ళంతా అందుకుంటారు, డప్పులు అందుకుంటాయి, దాని మీద ఏ మాటా వినపడదు. వాడి పెదవులు కదలడం కనబడింది. చేయి రెండు దిక్కులా చూపించడం కనబడింది. నాకు కనబడింది, అది నిజం, కనబడి కూడా పాడాను, ఆ పాటలో నా గొంతు ఎంత బాగా పలికిందో అని కూడా అనుకున్నాను.

తలుపు కొంచెం తెరుచుకుంది, అందరం లేచాం, ఎవరో కుర్రాడు ఖాళీ సీసాతో బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయాడు, తలుపు మూసుకుంది, అందరం కూర్చున్నాం. జంపక్క కూర్చోలేదు. నిలబడే ఉంది. నేను ఆమె కాళ్ళు చూస్తున్నాను, కుంట బురద మోకాళ్ళదాకా ఎండిపోయి పగుళ్ళిచ్చింది. కూర్చోవే అని చేయి పట్టుకు లాగుదామంటే నా చేయి కదలడం లేదు. ఈ కుడిచేయి. దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరిదో వస్తువు నా దగ్గర దాచమని ఇచ్చి పోయినట్టు.

కుంట దగ్గరికి పోగానే నాకు ముందు కనబడింది ఎర్ర జెండా. నీళ్ళలో బొంగు, బొంగు మీద యాడి గుడ్డ, గాలికి ఎంత అందంగా ఎగిరిందో, చేతులు జోడించాను, నా వెనక ఆడవాళ్ళంతా జోడించారు. పొదల దగ్గర ఆకుపచ్చ చొక్కా కూడా కనబడింది, ఎవడో ఆరేసుకున్నాడనుకున్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉండి గట్టు మీద కూర్చున్నాను, నేల తడిగా ఉంటే, కోటేష్ తెచ్చి అక్కడ పెట్టుకున్న నారింజ రంగు జాకెట్ మీదే కూర్చున్నాను, మెత్తగా ఉంది, హాయిగా ఉంది, అక్కడినుంచే, "జ్యోత్స్నా, ముందు నువ్వు దిగు బిడ్డా, యాడి జెండా కిందికి పో" అన్నాను. జంపక్క వెనకాడింది. "లోతుంటదేమో యాడీ." "మేరామ జెండా కింద లోతేందే? నేను లేనా?" అన్నాను. నేను లేనా. ఉన్నాను, గట్టు మీద, బెండు జాకెట్ మీద ఉన్నాను. కోటేష్ అవతల చొక్కా దగ్గర నిలబడి అందరినీ అటు రమ్మని చేతులూపుతున్నాడు, డప్పుల్లో ఎవరికీ వినపడలేదు, ఇటు చూశాడు, పిల్ల దిగడం చూశాడు, ఈల ఊదాడు. ఈల డప్పుకు సరిగ్గా కలిసింది. పోరగాళ్ళు ఈలకు ఎగిరారు. ఇంకా గట్టిగా ఊదాడు, ఇంకా ఎగిరారు. జ్యోత్స్న జెండా వైపు నడిచింది, చీలమండ, పిక్క, మోకాలు, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది, సరైన చోటేనా అన్నట్టు, నేను తల ఊపాను, ఇంకో అడుగు వేసింది, లేదు. అరుపు లేదు, చప్పుడు లేదు, పిల్ల లేదు. బుట్ట మాత్రం నిటారుగా తేలుతూ ఉంది, మొలకలు కూడా తడవలేదు.

నేను ఎలా లేచానో, ఎలా పరుగెత్తానో, మోకాళ్ళ నొప్పి ఏమైందో. ఆడవాళ్ళందరం ఒక్కసారే నీళ్ళలో పడ్డాం, "ఎవ్వలు దిగొద్దు, ఒకల చెయ్యి ఒకలు పట్టుకోండ్రి, ముంగటికి రావొద్దు" అని అరుస్తూ వాడు మా మధ్యలోంచి దూసుకుపోయాడు, గట్టు మీద నేను కూర్చుని అణిచేసిన జాకెట్ వాడి చేతిలో ఉంది. మునిగాడు. లేచాడు, ఉత్త చేతులు. మునిగాడు. నా నోట్లో ఏ దేవుడి పేరూ రాలేదు, అన్ని పేర్లు తెలిసిన నోరు. లేచినప్పుడు దాని జడ వాడి పిడికిట్లో ఉంది. జాకెట్ దాని చంకల కింద దూర్చి, వెల్లకిలా తేలించి లాక్కొచ్చాడు, గట్టు మీద పడుకోబెట్టాడు, పెదవులు నేరేడు పండు రంగు, ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు, పిల్ల తల వెనక్కి వంచాడు, ముక్కు నొక్కి పట్టుకున్నాడు, దాని నోటి మీద తన నోరు పెట్టాడు.

నాకు ఏమైంది అప్పుడు. మునిగిన పిల్ల కనబడలేదు, ఊపిరి లేని పిల్ల కనబడలేదు. తొమ్మిది రోజులు ఉప్పూ కారం మాని, ఒంటిపూట తిని, తీజ్ పట్టిన పెళ్ళికాని పిల్ల కనబడింది, చొక్కా లేని మగవాడు కనబడ్డాడు, చుట్టూ తండా అంతా చూస్తూ కనబడింది. "ఛీ! ఏం పని రా ఇది, తీజ్ పిల్ల రా!" అని వాడి వీపు మీద కొట్టాను. ఈ చేత్తో, ఈ గాజులతో, బలమంతా పెట్టి కొట్టాను. వాడు తిరగలేదు. ఊదాడు. పిల్ల రొమ్ము కొంచెం లేచి దిగింది. మళ్ళీ చేయెత్తాను. నా మణికట్టు పట్టుకుని ఆపింది జంపక్క. దాన్ని కన్నతల్లి, సిగ్గు పడవలసింది ఎవరైనా ఉంటే ఆమె, ఆమె మట్టిలో మోకాళ్ళ మీద పడి నా చేయి గాల్లోనే పట్టుకుని, "ఊదు కొడుకా, ఊదు, ఆగకు, ఊదు!" అని అరుస్తోంది. ఊదాడు, ఊదాడు, పిల్ల ఒళ్ళు ఒక్కసారి విరుచుకుని నోట్లోంచి నీళ్ళు భళ్ళున వచ్చి వాడి మొహం మీద పడ్డాయి. వాడు పిల్లను పక్కకు తిప్పి, అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూసినా మోసేదాన్ని. చిన్నప్పుడు బెల్లం దొంగిలించింది వాడు కాకపోయినా నేను కొట్టిన రోజు ఎలా చూశాడో అలా చూశాడు, అంతే, మళ్ళీ పిల్ల వైపు తిరిగి, "ఆటో పిలువుండ్రి, జల్దీ" అన్నాడు.

మెట్ల మీద ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు, నాకు చెవులు ఇంకా బాగానే పనిచేస్తాయి. "పెండ్లి కావాల్సిన పిల్ల." "ఎవ్వలకు చెప్పొద్దు." "అడిగితే పొట్ట నొక్కి నీళ్ళు కక్కించినం అని చెప్పాలె, అందరం గదే మాట చెప్పాలె." లాల్‌సింగ్ కూడా తల ఊపాడు. ఈ గుసగుస నేను మొదలు పెట్టిందే. నా నోట్లోంచి వచ్చిన ఛీ అది, ఊదుతున్న వాడి మీద పడి, అక్కడినుంచి ఎగిరి, ట్రాక్టరెక్కి మాతో సత్తుపల్లి వచ్చింది. నేను ఆ ఛీ అనకపోతే వీళ్ళు చూసింది ఒక బతుకు తిరిగి రావడం. నేను అన్నాను కాబట్టి వీళ్ళకు ఇంకొకటి కనబడింది. రేపు ఆ పిల్లను పెళ్ళికి చూడ్డానికి వచ్చే వాళ్ళకు కూడా ఆ పొట్ట నొక్కిన అబద్ధమే చెబుతారు.

అప్పుడే తలుపు పూర్తిగా తెరుచుకుని డాక్టరు వచ్చాడు, చెమటలు పట్టి ఉన్నాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "నీళ్ళలోంచి తీసింది ఎవరు? తీసినప్పుడు ఊపిరి ఉందా, లేదా? నోటితో గాలి ఊదారా, వట్టిగా పొట్ట నొక్కారా? సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టే నేను చెయ్యాలి. ఊపిరి ఎంతసేపు ఆగిందో తెలియకుండా ఏం చెయ్యమంటారు?"

వేపచెట్టు కింద వాళ్ళు కాళ్ళు చూసుకున్నారు. ఒకామె, "పొట్ట నొక్కినం సారూ" అని సన్నగా అంది. జంపక్క నోరు తెరిచింది, వెనకనుంచి ఎవరిదో చేయి ఆమె భుజం మీద పడింది, "పిల్ల బతుకు చూడవే" అంది ఒక గొంతు. పిల్ల బతుకే కదా లోపలున్నది. జంపక్క తిరిగి నన్ను చూసింది. చెప్పమనా, వద్దనా, నాకు తెలియలేదు. ఏ పెళ్ళి మాటలకైనా, ఏ పంచాయితీకైనా తండా ఆడవాళ్ళంతా మాట కోసం నావైపే చూస్తారు, అలాగే చూసింది, అంత జరిగాక కూడా. లేచాను, తడి లంగా కాళ్ళకు చుట్టుకుంది, గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఊపిరి లేకుండె సారూ," అన్నాను, నా గొంతు నాకే వేరేగా వినబడింది, ఎండిన చెలమ గీకినట్టు. "అసలే లేకుండె. పెదవులు నల్లగైనయ్. నా మనుమడు తీసిండు, నోట్లె నోరు పెట్టి ఊదిండు. శానాసేపు ఊదిండు. పొట్ట ఎవ్వలూ నొక్కలే. ఊదుతుంటే నేను కొట్టిన, నేను కొట్టబట్టి నడుమ ఒక్కసారి దమ్ము తప్పిందేమో, గది గూడ రాసుకో. వాడు గేటు కాడున్నడు. ఏదైన వాన్నే అడుగు, వానికి తెలుసు, నాకేం తెల్వదు."

"పిలవండి వాణ్ణి, త్వరగా" అన్నాడు డాక్టరు. ఎవరో కేకేశారు. కోటేష్ పరుగున వచ్చాడు, మెట్లెక్కి, అందరి మధ్యలోంచి, నా ముందునుంచే లోపలికి పోయాడు, వాడి వీపు మీద నా గాజుల వాతలు, ఒకదాని కింద ఒకటి, పైది చిట్లి కొంచెం నెత్తురు చిమ్మి ఎండిపోయింది. నేను ఎంత గట్టిగా కొట్టానో నాకు అప్పటిదాకా తెలియదు. నాతోపాటు అందరూ చూశారు. జంపక్క వాడి వెనకే దూరింది, తలుపు మూసుకుంది.

ఎంతసేపో. వేప పండ్లు టపటపా రాలుతున్నాయి, రోడ్డు మీద ఖమ్మం బస్సు హారను కొట్టుకుంటూ పోయింది, ఎవరింట్లోనో పోపు పెట్టారు, ఆ వాసనకు నాకు ఆకలేసింది, ఈ పూట ఆకలేస్తుందా నీకు అని నన్ను నేను అసహ్యించుకున్నాను. లోపలినుంచి దగ్గు వినపడింది. చిన్నది. ఇంకోటి, పెద్దది, వాంతి చప్పుడు, నర్సు గొంతు, ఆ తర్వాత సన్నగా, బొంగురుగా, ఏడుపులాంటి పిలుపు, "యాడీ" అని. నన్ను కాదు. వాళ్ళమ్మను. మెట్ల మీద వాళ్ళంతా ఒక్కసారే లేచి తలుపు దగ్గర గుమిగూడారు, నవ్వులు, ఏడుపులు, మొక్కులు. నేను లేవలేదు. ఆ పిల్ల నన్ను అలా పిలవకపోయినా సరే, పిలవగలిగింది, అంతే చాలు, లోపలికి పోయి దాని ముందు ఈ మొహం ఎలా పెట్టను.

కోటేష్ బయటికి వచ్చాడు. అందరూ వాడి చేతులు పట్టుకోబోయారు, తప్పించుకుని వచ్చి నా పక్కన గోనెపట్టా మీద కూలబడ్డాడు. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. వాడి మోకాలు నా మోకాలికి తగిలింది, నేను జరిగాను, వాడు జరగలేదు.

"మాట్లాడుతున్నది. ఛాతీల ఇంక నీళ్ళున్నయట, రేపటి దాక ఈడనే ఉంచుకుంటరట. గండం ఐతే తప్పిందన్నడు సారు."

తల ఊపాను. క్షమించు అనే మాట మా గోర్ భాషలో ఎలా అంటారో వెతికాను, ఇంత మాట్లాడే దాన్ని, ఆ ఒక్క మాట ఎన్నడూ ఎవరితోనూ అనలేదు కాబోలు, దొరకలేదు. వాడు రోడ్డు వైపు చూస్తూ, "జెండా ఎర్రది కట్టకుండ ఉండాల్సింది దాదీ," అన్నాడు, "మనోళ్ళకు ఎర్రదంటే ఏందో నాకు తెల్వదా? పొద్దుగాల గుడి ముంగట నుంచే పోయిన, తల ఎత్తి సూడలే." వాడి తప్పు కాదని అరవాలనిపించింది.

తర్వాత నావైపు వీపు తిప్పి కూర్చున్నాడు, భుజాలు కొంచెం వంచి.

"జర రుద్దు. మండుతున్నది. నాకు చెయ్యి అందుతలేదు."

నా కుడిచేయి ఒళ్ళోంచి లేచింది. నర్సు నా పక్కకు ఎప్పుడు వచ్చి నిలబడిందో, దూది ముద్దా మందు సీసా నా చేతిలో పెట్టి పోయింది. దూది తడిపాను. పై వాత మీద ఆనించగానే వాడు ఉస్సుమని బుస కొట్టి వంగాడు, నేను చేయి వెనక్కి తీశాను, "తియ్యకు," అన్నాడు. మళ్ళీ పెట్టాను. గాజులు వాడి వీపుకు తగలకుండా ఎడమచేత్తో మోచేతి దాకా పైకి తోసి పట్టుకుని, ఒక్కో వాతా తుడిచాను, ఊదుతూ, మందు ఆరేదాకా ఊదుతూ.